బడబానలం

పాఠ్యభాగ నేపథ్యం

భూగర్భం నుంచి ముడిచమురును వెలికితీసే బావులు అదుపు తప్పినప్పుడు ఏం జరుగుతుందో, అందుకు కారణాలేమిటో, సముద్రజలాల్లో కలిసిన చమురు జీవజాలాన్ని ఏ విధంగా బాధిస్తుందో వివరించే వ్యాసమిది. 1995లో కోనసీమలోని పాసర్లపూడి వద్ద, 2010లో మెక్సికో సింధుశాఖలో జరిగిన ప్రమాదాలు ఇందులోని ప్రధాన విషయాలు.

పాఠం

సముద్రం అడుగున ఒక అగ్ని ఉందని మన ప్రాచీనులు భావించారు. దానికి బడబానలమని పేరు. బడబ అంటే ఆడగుర్రం. ఆ గుర్రం ముఖం నుంచి వెలువడే అగ్ని సముద్రజలాన్ని నిరంతరం పానం చేస్తూ ఉంటుందనీ, అందుచేతనే ఎన్ని నదులు వచ్చి కలిసినా సముద్రం చెలియలికట్ట దాటకుండా ఉంటుందనీ పురాణాలు చెబుతాయి. విరహతాపాన్ని గాని, మనసులో అణచిపెట్టుకొన్న క్రోధాన్ని గాని వర్ణించవలసి వచ్చినప్పుడు కావ్యకర్తలు ఈ అగ్నిని ఉపమానంగా గ్రహించారు. నీటిలో నిప్పు ఎలా మండుతుందని వారిని నిలదీసినవారు లేరు. అది కవిసమయం.

2010 ఏప్రిల్ 20వ తేదీ రాత్రి ఆ కవిసమయం వార్తగా మారింది. అమెరికాలోని లూసియానా రాష్ట్ర తీరానికి సుమారు 66 కిలోమీటర్ల దూరంలో, మెక్సికో సింధుశాఖలో, డీప్‌వాటర్ హొరైజన్ అనే తేలే తవ్వక వేదిక పేలిపోయి మంటల్లో చిక్కుకొంది. అక్కడ సముద్రం లోతు దాదాపు 1,500 మీటర్లు. వేదిక మీద ఉన్న 126 మందిలో 11 మంది మరణించారు. వారి దేహాలు సైతం లభించలేదు. రెండు రోజులు మండిన తరువాత ఏప్రిల్ 22న ఆ వేదిక సముద్రంలో మునిగిపోయింది. ఆనాడు ధరిత్రీ దినోత్సవం కావడం విధి చేసిన పరిహాసం. అటుపైన సముద్రగర్భంలోని ఆ బావి నుంచి 87 రోజులపాటు చమురు ధారగా వెలువడుతూనే ఉంది.

ఇది ఎక్కడో దూరదేశంలో జరిగిన ఉదంతమని మనం పక్కన పెట్టడానికి వీలు లేదు. అంతకు 15 సంవత్సరాల పూర్వమే తెలుగునేల మీద, కొబ్బరితోటల నడుమ, ఇటువంటి అగ్నియే 65 రోజులు మండింది. ఆ రెండు బావులు అదుపు తప్పడంలోని సూత్రం ఒక్కటే. ఒకటి నేలమీద, మరొకటి నీటి అడుగున ఉండటం వల్ల ఫలితాలు వేరయ్యాయి. ఆ తేడాను అర్థం చేసుకొంటే సముద్రంలో చమురు చిందడం ఎంత ఘోరమైన విపత్తో తెలుస్తుంది.

విషయంలోకి వెళ్లే ముందు ఒక మాట. సంస్కృతంలో తిలలు అంటే నువ్వులు. తిలల నుంచి వచ్చినది తైలం. మన ‘నూనె’ కూడా నువ్వుల నెయ్యి అనే అర్థంలో పుట్టిన పదమే. క్రమంగా ఆ రెండు పదాలూ అర్థవ్యాకోచం పొంది ఆముదానికీ, వేరుసెనగ నూనెకూ, చివరకు రాతిపొరల్లో దొరికే చమురుకూ వర్తించాయి. ‘పెట్రోలియం’ అనే మాటకు మూలార్థం రాతినూనె. దానినే మనవారు శిలాతైలం అన్నారు. నువ్వులను గానుగలో వేసి తిప్పితే తప్ప నూనె రాదు. శిలాతైలానికి గానుగ అక్కర లేదు. లక్షల సంవత్సరాలుగా భూమియే దానిని నొక్కిపట్టి ఉంచింది. ప్రమాదమంతా ఆ నొక్కుడులోనే ఉంది.

కోట్ల సంవత్సరాల క్రితం సముద్రాల్లో జీవించిన సూక్ష్మజీవుల అవశేషాలు బురదతోపాటు అడుగుకు చేరి, పొర మీద పొర పేరుకొని, వేడికీ ఒత్తిడికీ లోనై చమురుగానూ సహజవాయువుగానూ మారాయి. నదులు మోసుకొచ్చే ఒండ్రు దట్టంగా పేరుకొన్నచోట్ల ఇటువంటి నిక్షేపాలు దొరకడానికి అవకాశం ఎక్కువ. కృష్ణా గోదావరి నదులు సముద్రంలో కలిసే ప్రాంతం, దానిని ఆనుకొని ఉన్న సముద్రగర్భం ఈ కారణంచేతనే చమురు అన్వేషకులను ఆకర్షించాయి. కృష్ణా గోదావరి బేసిన్ అని పత్రికల్లో చదివేది ఈ ప్రాంతం గురించే. మన సోమశిల వద్ద కొండల నడుమ ప్రవహించే కృష్ణవేణి మోసుకుపోయిన మట్టిలో కొంత భాగం ఆ పొరల్లో ఉందని వేరే చెప్పనక్కరలేదు.

తెలకపల్లి, నాగర్‌కర్నూలు ప్రాంతాల విద్యార్థులకు సముద్రం దూరం. కాని బోరుబావి దూరం కాదు. వేసవిలో ఊరికి బోరుబండి వస్తుంది. చుట్టుపక్కల రైతులు గుమిగూడతారు. ఒక కడ్డీ దిగిన తరువాత మరొక కడ్డీ తగిలిస్తారు. పైపొరలు కూలకుండా కేసింగు గొట్టం దించుతారు. మొదట ఎర్రమట్టి, తరువాత తెల్లని రాతిపొడి, అదృష్టం బాగుంటే తడిసిన బురద బయటికి వస్తాయి. నీరు పడుతుందో పడదో అన్నదే అక్కడ రైతు ఆందోళన. చమురుబావి కూడా స్థూలంగా ఇటువంటిదే. కడ్డీలు, గొట్టాలు, రాతిని తొలిచే పళ్లచక్రం అన్నీ ఉంటాయి. అయితే అక్కడి ఆందోళన దీనికి పూర్తిగా విరుద్ధమైనది. మనం సిద్ధం కాకముందే లోపలిది తనంతట తాను పైకి వచ్చేస్తుందేమో అన్నదే చమురుబావి వద్ద పనిచేసేవారి భయం.

రెండుమూడు కిలోమీటర్ల మందం గల రాతిపొరల కింద చిక్కుకొన్న చమురు, వాయువు అపారమైన ఒత్తిడిలో ఉంటాయి. తొలిచే పనిముట్టు ఆ పొరను తాకగానే అవి దొరికిన దారిలో పైకి దూకుతాయి. వాటిని నిలువరించడానికి బావిని ఖాళీగా ఉంచకుండా ఒక ప్రత్యేకమైన బురదతో నింపి ఉంచుతారు. నీటిలో బంకమట్టిని, బరువు కోసం బెరైటిస్ రాతిపొడిని కలిపి దీనిని తయారుచేస్తారు. బెరైటిస్‌ను మన రాయలసీమలో ముగ్గురాయి అంటారు. అది నీటికంటె నాలుగింతలకు పైగా బరువైనది. అక్కడి మంగంపేట గనులు ప్రపంచంలోని మిక్కిలి పెద్ద ముగ్గురాయి నిక్షేపాల్లో ఒకటి. అక్కడి నుంచి ఎగుమతి అయ్యే రాయి ఎన్నో దేశాల చమురుబావుల్లో బరువుగా కూర్చొని ఉంటుంది. ఈ బురద బరువు లోపలి ఒత్తిడికి సరితూగినంత కాలం బావి శాంతంగా ఉంటుంది. బరువు తగ్గితే లోపలి వాయువు బావిలోకి చొరబడుతుంది. అలాగని మితిమీరి పెంచితే చుట్టూ ఉన్న రాయి పగిలి బురద అందులోకి ఇంకిపోతుంది. అప్పుడూ ప్రమాదమే. త్రాసు ముల్లు వంటి ఈ సమతుల్యాన్ని కాపాడటమే తవ్వకంలోని విద్య.

బురద మొదటి కాపలాదారు. గొట్టానికీ రాతికీ మధ్య పోసే సిమెంటు రెండవది. ఈ రెండూ విఫలమైనప్పుడు బావి నోటిని బలవంతంగా మూసివేసే భారీ ఉక్కు కవాటాల దొంతర మూడవది. దానిని బ్లోఅవుట్ ప్రివెంటర్ అంటారు. మూడింటినీ దాటుకొని బావి ఎగదన్నడమే బ్లోఅవుట్. ఈ మాట తెలుగువారికి కొత్తది కాదు. 1995 నుంచి మన పత్రికల్లో అది తెలుగు మాటగానే చలామణి అవుతోంది.

ఆ ఏడాది జనవరి 8వ తేదీన, సంక్రాంతికి ఆరు రోజుల ముందు, పాసర్లపూడి సమీపంలోని దేవర్లంక వద్ద చమురు సహజవాయు సంస్థ తవ్వుతున్న 19వ నెంబరు బావి అదుపు తప్పింది. మహావేగంతో ఎగసిన సహజవాయువుకు నిప్పంటుకొంది. ఆకాశాన్ని తాకుతున్నట్లు లేచిన ఆ జ్వాల ఎంతో దూరం కనిపించేది. దాని హోరు రాత్రింబవళ్లు వినిపించేది. సమీప గ్రామాలవారిని ఇళ్లు ఖాళీ చేయించి సురక్షిత ప్రాంతాలకు తరలించారు. ముగ్గులు వేయవలసిన వాకిళ్లు పండుగనాడు బోసిపోయాయి. కొబ్బరిచెట్లు మాడిపోయాయి. మంట దగ్గరకు పోవాలంటే ముందు నీటిధారలను తెరగా నిలిపి, వాటి చాటున శిథిలమైన ఇనుప సామగ్రిని తొలగించవలసి వచ్చింది. అమెరికా నుంచి వచ్చిన నీల్ ఆడమ్స్ అగ్నిమాపక నిపుణులు, మన ఇంజనీర్లు కలిసి పనిచేసి మార్చి 15న బావిని మూయగలిగారు. భారతదేశ చమురు తవ్వకాల చరిత్రలో ఇది అతి పెద్ద బ్లోఅవుట్‌గా ప్రసిద్ధి పొందింది. 2026 జనవరి 5న అదే కోనసీమలోని ఇరుసుమండ వద్ద మరొక బావి అదుపు తప్పి మండింది. అది కొద్ది రోజుల్లోనే అదుపులోకి వచ్చింది.

పాసర్లపూడి మంట భయంకరమైనదే. కాని ఒక సంగతిని గమనించాలి. వెలువడినది ప్రధానంగా వాయువు. అది వెలువడినచోటనే మండిపోయింది. ఆ మంటను చూడవచ్చు, దాని పరిధిని కొలవవచ్చు, మనుషులను దూరంగా తీసుకుపోవచ్చు. నష్టానికి ఒక చుట్టుకొలత ఉంది. సముద్రం అడుగున అదుపు తప్పిన బావికి ఆ చుట్టుకొలత ఉండదు.

మెక్సికో సింధుశాఖలోని బావి పేరు మకాండో. గాబ్రియేల్ గార్సియా మార్క్వెజ్ ‘వన్ హండ్రెడ్ ఇయర్స్ ఆఫ్ సాలిట్యూడ్’ నవలలో సృష్టించిన కల్పిత గ్రామం పేరది. ఆ నవల చివర గ్రామం సుడిగాలికి తుడిచిపెట్టుకుపోతుంది. బావికి ఆ పేరు పెట్టినవారు నవల చివరిదాకా చదివారో లేదో! బ్రిటిష్ సంస్థ బీపీ ఆ బావి యజమానులలో ప్రధానమైనది. తవ్వక వేదిక ట్రాన్స్‌ఓషన్ సంస్థది. సిమెంటు పని హాలిబర్టన్ సంస్థది. మూడు సంస్థల మనుషులు ఒకే బావి మీద పనిచేశారు. పని అప్పటికే గడువు మించి, ఖర్చు మించి సాగుతోంది.

ప్రమాదం జరిగేనాటికి తవ్వకం ముగిసింది. బావిని తాత్కాలికంగా మూసి, వేదికను వేరొకచోటికి తరలించవలసి ఉంది. అడుగున పోసిన సిమెంటు గట్టిగా పట్టిందో లేదో తెలుసుకోవడానికి ఒక పీడన పరీక్ష చేశారు. బావిలోని బరువును కొంత తగ్గించి చూస్తారు. లోపలి నుంచి ఏమీ రాకపోతే సిమెంటు పట్టినట్లు లెక్క. ఆనాడు ఒక గొట్టంలో పీడనం సున్నా చూపింది. అదే బావిలోని మరొక గొట్టంలో చదరపు అంగుళానికి 1,400 పౌండ్లు చూపింది. ఒకే బావిలో ఈ రెండూ సత్యం కావడానికి వీలు లేదు. బావి తన పరిస్థితిని స్పష్టంగానే చెప్పింది. అక్కడివారు మాత్రం ఆ అంకెకు వేరొక కారణం ఊహించుకొని, సున్నా చూపిన గొట్టాన్నే నమ్మి, పరీక్ష సఫలమైందని నిర్ణయించారు. తరువాత బావి పైభాగంలోని బరువైన బురదను తీసి, తేలికైన సముద్రజలాన్ని నింపసాగారు. పైన రెండవ సిమెంటు మూత పెట్టకముందే మొదటి కాపలాదారును పంపివేసినట్లయింది.

వాయువు బావిలోకి చొరబడటం మొదలైన తరువాత కూడా చాలాసేపు ఎవరూ గుర్తించలేదు. పీడనంలో వచ్చిన మార్పులు తెరల మీద నమోదు అవుతూనే ఉన్నాయి. గుర్తించేసరికి బురద వేదిక మీదికి చిమ్మింది. వెంటనే వాయువు కమ్ముకొని పేలింది. సముద్రపు అడుగున ఉన్న ఉక్కు కవాటాలు గొట్టాన్ని తెగగోసి బావిని మూసివేయాలి. కాని లోపలి ఒత్తిడికి గొట్టం వంగి పక్కకు జరిగినందువల్ల కత్తెర పూర్తిగా మూసుకోలేకపోయింది. అదే రోజున కొందరు ఉన్నతాధికారులు వేదిక మీదికి వచ్చి, ఏడు సంవత్సరాలుగా పెద్ద ప్రమాదం లేకుండా పనిచేసినందుకు సిబ్బందిని అభినందించారు. చేతికాలికి దెబ్బ తగలకుండా చూసుకొన్న సంవత్సరాలను వారు లెక్కించారు. బావి క్షేమాన్ని లెక్కించే కొలబద్ద వేరు. అధ్యక్షుడు నియమించిన విచారణ సంఘం 2011 జనవరిలో సమర్పించిన నివేదికలో ఈ లోపాలన్నింటినీ వివరించి, వీటిని నిర్వహణలోని వైఫల్యాలుగా తేల్చింది. 2012లో బీపీ సంస్థ ఆ 11 మంది మరణాలకు సంబంధించిన నేరాన్ని అంగీకరించింది.

ఎంత చమురు వెలువడుతోంది? ఈ ప్రశ్నకు మొదట్లో చెప్పిన సమాధానం రోజుకు 1,000 పీపాలు. కొద్ది రోజులకు 5,000 అన్నారు. శాస్త్రజ్ఞులు బావి నోటి దృశ్యాలను పరిశీలించి లెక్కలు కట్టిన తరువాత అది 50,000కు పైమాటే అని తేలింది. పీపా అంటే 159 లీటర్లు. సముద్రంలో కలిసినది 31.9 లక్షల పీపాలని 2015లో న్యాయస్థానం నిర్ణయించింది. అంటే 50 కోట్ల లీటర్లకు పైగా. ప్రభుత్వ శాస్త్రజ్ఞుల అంచనా ఇంతకంటె ఎక్కువ. అంకెలు ఇలా మారడాన్ని కేవలం లెక్కల తగవుగా భావించరాదు. ఎన్ని పడవలు పంపాలి, తీరంలో ఎంతమేర రక్షణ ఏర్పాటు చేయాలి, బావిని మూయడానికి ఏ ఉపాయం సరిపోతుంది అన్నవన్నీ ఆ అంకె మీదనే ఆధారపడతాయి. మే నెలలో బావి మీద ఒక పెద్ద ఉక్కు గోపురాన్ని బోర్లించబోయారు. అతిశీతలమైన ఆ లోతులో వాయువు, నీరు కలిసి మంచువంటి స్ఫటికాలై గోపురాన్ని మూసివేశాయి. బరువైన బురదను పైనుంచి బలంగా ఎక్కించి చూశారు. ప్రవాహం దానిని తోసివేసింది. చివరకు జూలై 15న కొత్త మూత బిగించిన తరువాతనే ధార ఆగింది. పక్క నుంచి మరొక బావిని తవ్వి, అడుగున సిమెంటు నింపి, సెప్టెంబరు 19న బావి మృతిచెందినట్లు ప్రకటించారు.

నీటిపై తేలిన చమురు తెట్టు మొదట పక్షులకు కాలపాశమైంది. పక్షి ఈకలకు నీరు అంటదు. అందుచేతనే అది చలికి తట్టుకొంటుంది, నీటిపై తేలుతుంది. చమురు అంటిన ఈకలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఆ గుణాన్ని కోల్పోతాయి. పక్షి ముక్కుతో ఈకలను శుభ్రం చేసుకోబోయి విషాన్ని మింగుతుంది. లూసియానా రాష్ట్రపక్షి అయిన గోధుమవన్నె పెలికన్ నూనెలో మునిగి కదలలేక నిలబడిన చిత్రాలు ఆ వేసవిలో ప్రపంచమంతటా ప్రచురితమయ్యాయి. గాలి పీల్చుకోవడానికి పైకి రాక తప్పని తాబేళ్లు, డాల్ఫిన్లు ఆ తెట్టులోనే తల ఎత్తాయి. బరటారియా అఖాతంలోని డాల్ఫిన్లను తరువాతి సంవత్సరాల్లో పరీక్షించినప్పుడు ఊపిరితిత్తుల వ్యాధులు కనిపించాయి. వాటిలో ఎన్నో చూలు నిలవక సంతానాన్ని కోల్పోయాయి.

కంటికి కనిపించినది కొంతే. చమురును సన్నని బిందువులుగా విడగొట్టడానికి సుమారు 70 లక్షల లీటర్ల రసాయనాలు వాడారు. అందులో కొంత భాగాన్ని సముద్రం అడుగున బావి నోటివద్దనే చల్లారు. దీనివల్ల తీరానికి చేరే తెట్టు తగ్గిందని కొందరు అంటారు. విషం జలోపరితలం నుంచి లోతులకు బదిలీ అయిందని మరికొందరు అంటారు. నా దృష్టిలో రెండవ మాటకే బలం ఎక్కువ. చమురు బిందువులు లోతుల్లో పొగమబ్బువలె చాలాదూరం వ్యాపించాయి. బావికి పదికిలోమీటర్లకు పైగా దూరంలో, సూర్యకాంతి చొరని చోట, వందల ఏళ్లుగా మెల్లగా పెరిగే పగడపు కొమ్మల మీద గోధుమరంగు మడ్డి పేరుకొని అవి చచ్చిపోవడాన్ని శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. ముడిచమురులోని కొన్ని పదార్థాలు ట్యూనా చేపల పిండాల్లో గుండె లయను చెడగొడతాయని ప్రయోగశాలల్లో రుజువైంది. చేపలు గుడ్లు పెట్టే కాలంలోనే ఆ బావి పారింది. ఎన్ని పిల్లలు పుట్టకుండానే పోయాయో లెక్కించే ఉపాయం లేదు.

సుమారు 2,100 కిలోమీటర్ల మేర తీరానికి చమురు అంటింది. ఇసుకతీరాన్ని తవ్వి శుభ్రం చేయవచ్చు. గడ్డి మొలిచిన చిత్తడి నేలను ఏం చేయగలం? తుడవబోతే తొక్కిడికి నాశనమవుతుంది. వదిలేస్తే వేళ్లు చచ్చిపోతాయి. వేళ్లు పట్టి ఉంచిన మట్టిని కెరటాలు కోసుకుపోతాయి. కొన్ని చోట్ల తీరపు అంచే వెనక్కి జరిగింది. ఒకదశలో అమెరికా కేంద్రప్రభుత్వ పరిధిలోని ఆ సింధుశాఖ జలాల్లో 37 శాతం మేర చేపలవేటను నిషేధించారు. ప్రమాదంతో ఏ సంబంధమూ లేని రొయ్యలవేటగాడు పడవను ఒడ్డుకు కట్టివేయవలసి వచ్చింది. 2016లో న్యాయస్థానం ఆమోదించిన ఒప్పందం ప్రకారం బీపీ చెల్లించడానికి అంగీకరించిన మొత్తం 2,080 కోట్ల డాలర్లు. ఇంతటి ధనబలం, యంత్రబలం గల దేశం అన్ని పడవలతో నీటి ఉపరితలం నుంచి తోడి ఎత్తగలిగిన చమురు మొత్తంలో సుమారు 3 శాతం. కాల్చివేయగలిగింది 5 శాతం. కొంత ఆవిరైపోయింది. కొంత సూక్ష్మజీవులు తినివేశాయి. మిగిలినది సముద్రంలోనే ఉండిపోయింది.

మన పొరుగున చెన్నైకి ఉత్తరాన ఉన్న ఎన్నూరు వద్ద జరిగినదానిని దీనితో పోల్చి చూడవచ్చు. 2017 జనవరి 28న తెల్లవారుజామున కామరాజర్ ఓడరేవు వెలుపల బీడబ్ల్యూ మేపుల్, డాన్ కాంచీపురం అనే రెండు ఓడలు ఢీకొన్నాయి. పర్యావరణానికి హాని జరగలేదన్నది ఓడరేవు తొలి ప్రకటన. కాని చిక్కటి నల్లని ఇంధనం తీరానికి కొట్టుకొచ్చింది. పీల్చే యంత్రాలకు ఆ జిగట లొంగలేదు. మత్స్యకారులు, విద్యార్థులు, స్వచ్ఛంద సేవకులు రాళ్ల మధ్య వరుసగా నిలబడి బక్కెట్లతో తోడిపోశారు. చిందిన ఇంధనం 200 టన్నులకు చేరువ అని తరువాత తేలింది. మకాండోతో పోలిస్తే ఇది సుమారు రెండువేలవ వంతు. అయినా తీరం నల్లబడింది. చచ్చిన తాబేళ్లు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. చేపలు కొనేవారు లేక వేటగాళ్ల బతుకులు స్తంభించాయి. చమురు ఎంత అన్నదానితోపాటు ఏ రకం, ఎక్కడ, ఏ ఋతువులో అన్నవి కూడా నష్టాన్ని నిర్ణయిస్తాయి.

ఆ దృష్టితో మన తీరాన్ని చూడాలి. కాకినాడకు ఎదురుగా ఉన్న సముద్రగర్భంలో 2002లో భారీ వాయు నిక్షేపాలు కనుగొన్నారు. 2009లో అక్కడి నుంచి ఉత్పత్తి మొదలైంది. 2024 జనవరిలో చమురు సహజవాయు సంస్థ అదే బేసిన్‌లోని లోతైన జలాల నుంచి చమురు తీయడం ప్రారంభించింది. ఈ బావులకు పడమట గోదావరి ముఖద్వారం, 1978లో ఏర్పడిన కోరింగ అభయారణ్యం ఉన్నాయి. మడచెట్టు బురదలో నుంచి వేళ్లను పైకి నిలబెట్టి గాలి పీలుస్తుంది. ఆ వేళ్ల మీద చమురు పూత పడితే చెట్టుకు ఊపిరి ఆడదు. రొయ్యపిల్లలు, పీతలు, చేపపిల్లలు పెరిగే ఉయ్యాల ఆ మడ అడవి. వరదల కాలంలో సముద్రం నుంచి గోదావరికి ఎదురీదే పులస ఈ ముఖద్వారాల గుండానే రావాలి. శీతకాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి హోప్ ద్వీపం ఇసుకకు వస్తాయి. మెక్సికో సింధుశాఖలో మకాండో చమురుకు బలైన కెంప్స్ రిడ్లే తాబేలు వీటికి దగ్గరి బంధువు. 2010 వేసవిలో అక్కడి తీరపు ఇసుక నుంచి తాబేలు గుడ్లను ఒక్కొక్కటిగా తీసి, ఫ్లోరిడా తూర్పుతీరానికి తరలించి, పొదిగించి, 14 వేలకు పైగా పిల్లలను చమురు లేని అట్లాంటిక్ జలాల్లో విడిచిపెట్టారు.

మన దేశంలో సముద్రంపై చమురు చిందితే ఎదుర్కొనే బాధ్యత తీరరక్షక దళానిది. జాతీయ విపత్తు ప్రణాళిక ప్రకారం ఓడరేవులు, చమురు సంస్థలు, తీరరాష్ట్రాలు ఆ దళంతో కలిసి పనిచేయాలి. తెట్టు వ్యాపించకుండా నీటిపై తేలే అడ్డుకట్టలు, తోడే పడవలు సిద్ధంగా ఉంచుకోవాలి. ఎన్నూరులో ఈ ఏర్పాట్లు ఉన్నా బక్కెట్ల అవసరం తప్పలేదు. చిందినవెంటనే దాని పరిమాణాన్ని ఉన్నది ఉన్నట్లు చెప్పవలసిన బాధ్యత మాత్రం చిందించినవారిది. ఆ మొదటి అంకె వచ్చేదాకా తీరంలో ఉన్నవారికి ఎన్ని అడ్డుకట్టలు వేయాలో తెలియదు.

ప్రశ్నలు

అ. చమురుబావికి గల మూడు రక్షణలను తెలిపి, మకాండోలో అవి ఎలా విఫలమయ్యాయో వివరించండి.

ఆ. పాసర్లపూడి, మకాండో ప్రమాదాల ఫలితాలలోని భేదాన్ని సొంతమాటల్లో రాయండి.

ఇ. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి: ‘బావి తన పరిస్థితిని స్పష్టంగానే చెప్పింది.’ ‘నష్టానికి ఒక చుట్టుకొలత ఉంది.’

ఈ. విడదీసి సంధి పేరు రాయండి: బడబానలం, జలోపరితలం, పర్యావరణం.

ఉ. ‘తైలం’, ‘నూనె’ పదాలు అర్థవ్యాకోచానికి ఉదాహరణలు. మీకు తెలిసిన మరి రెండు పదాలను పేర్కొనండి.